పులి మూసిన ఇల్లు

రాసుకోవడానికి ఇంత చోటు కోసం గొందిగుడ అంతా కాళ్ళరిగేలా తిరిగిన వరహాలరావుకి పోయిన వారం కథ చివర ఎట్టకేలకు ఒక ఇల్లు దొరికింది. ఊరికి పడమట, వాగు గట్టు మీద, గడ్డి కప్పిన ఒంటి ఇల్లు. గుమ్మానికి అడ్డంగా ఎవరో ముళ్ళకంప పెట్టారు. మేకలు దూరకుండా పెట్టారు కాబోలనుకుని, దాన్ని కాలితో పక్కకి నెట్టి లోపల అడుగుపెట్టాడు. కథ అక్కడ ఆగింది.

ఎందుకు తిరిగాడో మరచినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. వరహాలరావుది విజయనగరం. బడిపంతులుగా ఈ కొండలెక్కాడు. ఘాటు రోడ్డు పనికి కొండవాళ్ళని ఇళ్ళలోంచి ఈడ్చుకుపోయి, కొరడా దెబ్బలతో వెట్టి చేయిస్తున్న మేస్త్రీ సన్యాసిరావు మీద అర్జీ రాసిపెట్టమని గొందిగుడ పెద్ద యర్రయ్య అతన్ని పిలిపించుకున్నాడు. యర్రయ్య ఒక్కగానొక్క కొడుకు సోంబరుని తొమ్మిది రోజులుగా మేస్త్రీ తన మకాంలో గుంజకి కట్టి ఉంచాడు. ఏ తప్పుకో ఎవరికీ తెలీదు. ఈ కొండల మీద సర్వాధికారి ఏజంటు దొర ఇంకో నాలుగు రోజుల్లో అనంతగిరిలో దిగుతాడు. ఊరంతా వేలిముద్రలు వేసిన కాయితం ఆ రోజు దొర చేతిలో పడాలి. పడకపోతే సోంబరు ప్రాణాలతో ఇల్లు చేరడని యర్రయ్య భయం.

మన పంతులుతో చిక్కేమిటంటే, చెవి పక్కన ఈగ తిరిగినా కలం సాగదు. విజయనగరంలో ఉండగా తండ్రి గానుగ చప్పుడు పడక పరీక్ష తప్పిన ఘనుడు. యర్రయ్య అరుగు మీద కూర్చుంటే చోళ్ళు దంచే రోకళ్ళు, వాటి మీదుగా ఆడవాళ్ళ తగవులు. సంత వీధి కోమటి కొట్టు వెనక గదిలో కూర్చుంటే పొద్దస్తమానం చింతపండు కొట్టే సుత్తులు. పోనీ తన బడికే పోదామని పోతే అక్కడికి మేస్త్రీ మనుషులు వచ్చారు. సిరాబుడ్డి అతని నెత్తిన పగలగొట్టి, ఎడమచేతి చిటికెన వేలు వెనక్కి విరిచి, మిగిలిన వేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పడానికి దాచుకోమని చెప్పిపోయారు. ఆ వేలు ఇప్పటికీ వాచే ఉంది.

అలాంటివాడికి వాగొడ్డు ఇల్లు స్వర్గంలా తోచిందంటే తప్పు పట్టలేం.

మూడు రోజులు రాశాడు. ఆ మూడు రోజుల్లో గుమ్మంలోకి తొంగిచూసిన మనిషి లేడు. పంది రాలేదు, కుక్క రాలేదు. నీళ్ళకి వెళ్ళే ఆడవాళ్ళు దగ్గర దారి మానుకుని, ఇటు తలైనా తిప్పకుండా గుట్ట చుట్టూ తిరిగిపోతున్నారు. పాపం, నా రాతకి భంగం కలగకూడదని ఎంత శ్రమ పడుతున్నారో అని వరహాలరావు మనసు కరిగింది కూడా. ఈ కొండవాళ్ళకి ఉన్న మర్యాద మా గానుగ వీధిలో ఒక్కడికి లేదు గదా అనుకున్నాడు.

ఇంట్లో కుండలు వరసలో ఉన్నాయి. మూలన గొడ్డలి ఆనించి ఉంది. తలుపు వెనక ఎర్రదారంతో అంచు కుట్టిన గొంగళి ఒకటి కుప్పగా పడి ఉంది. బురద ఎండి అట్టకట్టిన ఆ గొంగళిని మొదటిరోజే గట్టు మీద విదిలించి కొట్టాడు. మడతలోంచి కుంకుడుగింజంత సీసపు ముద్ద రాలింది. వలకి కట్టే గుండు అనుకుని, కాయితాలు ఎగరకుండా వాటి మీద పెట్టుకున్నాడు. చలి ఎముకలు కొరుకుతుంటే పొయ్యి రాజేసి, గొంగళి భుజాన కప్పుకుని, మాట తోచనప్పుడల్లా దానికున్న ఒక చిల్లులో వేలు పెట్టి తిప్పుతూ అర్జీ పూర్తి చేశాడు.

నాలుగోరోజు పొద్దున ఊరి నడిమికి వచ్చేసరికి నలభై మంది కాచుకుని ఉన్నారు. కొబ్బరిచిప్పలో ఆముదం, మసి కలిపి యర్రయ్య సిద్ధంగా పెట్టాడు. వరహాలరావు గొంతు సవరించుకుని అర్జీ మొత్తం చదివాడు. కొరడాల సంగతి వచ్చినచోట ఒక ముసలమ్మ చీర పక్కకి లాగి వీపు చూపించింది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. రాసినవాడికి అంతకంటే ఏం కావాలి? అతని ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

“ముందు నేనేత్తాను,” అని యర్రయ్య బొటనవేలు మసిలో ముంచాడు. ముంచి, తలెత్తి, వరహాలరావు భుజం మీది ఎర్ర అంచు చూశాడు.

“ఈ గొంగళి ఎక్కడిది బాబూ?”

“వాగొడ్డు ఇంట్లోది. ఎవరిదో చెబితే ఇచ్చేస్తాను.”

“కాయితం ఎక్కడ రాసినావు?”

“అక్కడే. ఈ ఊళ్ళో మనిషన్నవాడు రాసుకోదగ్గ చోటు అదొక్కటే గదా యర్రయ్యా.”

జనం ఒక్కసారిగా లేచి వెనక్కి పడ్డారు. కొబ్బరిచిప్ప దొర్లి మసి మట్టిలో ఒలికింది. తల్లులు పిల్లల ముఖాలు కొంగుల్లో దాచేశారు. యర్రయ్య వేలిని నేలకేసి రుద్దాడు, తోలు లేచి నెత్తురు వచ్చేదాకా రుద్దాడు.

“ఏటి సేసినావు బాబూ! అది పులి మూసిన ఇల్లు! ఆ గడప దాటినోడు ఊళ్ళోకి రాకూడదు. అక్కడి సామాను ముట్టకూడదు. ఆ కాయితం మీద మాలో ఒక్కడు ఏలెట్టడు!”

“చాదస్తం కాకపోతే ఏమిటిది! దొర రేపొస్తాడు. నా దగ్గర ఇంకో కాయితం లేదు. నీ కొడుకు...”

“నా కొడుకుని సంపేసినావు!”

మొదటి దెబ్బ యర్రయ్యదే. దుడ్డుకర్ర వరహాలరావు మెడా భుజమూ కలిసేచోట పడింది. మోకాళ్ళ మీద కూలాడు. కర్ర రెండోసారి పక్కటెముకల మీద పడింది. యర్రయ్య ఏడుస్తూనే కొడుతున్నాడు, కొడుతూనే కొడుకు పేరు పిలుస్తున్నాడు. ముట్టుకుంటే తమకీ తగులుతుందని మిగిలినవాళ్ళు దగ్గరికి రాలేదు, రాళ్ళు అందుకున్నారు. ఒక రాయి చెవిని చీల్చింది. ఒకటి నోటికి తగిలి ముందు పన్ను ఊడి నాలుక మీదికి వచ్చింది. పన్ను ఉమ్మేసి, అర్జీని పొట్టకి కరుచుకుని, నాలుగు కాళ్ళ మీద పాకుతూ, లేస్తూ, మళ్ళీ పడుతూ ఊరు దాటాడు. అంత దెబ్బలోనూ అతనికి వచ్చింది కోపం కాదు. వీళ్ళకి మంచి చెయ్యబోయి వీళ్ళ చేతుల్లోనే చస్తున్నానే అన్న దుఃఖం వచ్చింది.

వాగులో ముఖం పెట్టాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి.

“నా ఏపు సూడకు బాబూ,” అంది అవతలి గట్టు నుంచి ఓ ఆడగొంతు. “సూసినోళ్ళకీ తగులుతాది.”

వరహాలరావు చూడనే చూశాడు. అతనికింక తగలాల్సింది ఏం మిగల్లేదు. ఆకుల పాక ముందు, ఇటు వీపు పెట్టి కూర్చుని ఉంది పాతికేళ్ళ మనిషి. తల విరబోసుకుని ఉంది.

“ఎవరమ్మా నువ్వు?”

“కనకని. నువ్వు రాసుకున్నది మా ఇల్లే. పులి పట్టినోడి పెళ్ళాన్ని. నెల దినాలు ఊళ్ళోకి ఎల్లకూడదు, ఎవులితోటీ మాటాడకూడదు. నేనెదురైతే అందరూ మొకం తిప్పుకుంటారు.”

“నేనక్కడ ఉండగా చూశావా?”

“మూడు దినాలూ సూసినాను.”

“మరి ఒక్క మాట చెప్పొద్దా తల్లీ! నా చెవి చూడు.”

“మా ఇంట్లోంచి పొగ లెగిసింది బాబూ. మా మంగులు ఉన్నప్పుడు లెగిసినట్టే లెగిసింది. సెప్పాలనిపించనేదు.”

వరహాలరావు గొంగళి భుజం మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదటిసారి దాన్ని పరాయి మనిషి వస్తువుగా చూశాడు. అట్టకట్టింది బురద కాదు, నెత్తురని ఇప్పుడు తెలిసింది.

“మీ ఆయన్ని పులి పట్టడం ఎవరు చూశారు?”

“ఎవులూ సూడనేదు. సూడకూడదు. రోడ్డు పనికి ఎల్లినాడు. మేస్త్రీ మనుషులొచ్చి పులి పట్టుకుపోనాదని సెప్పినారు. మాకు మైల తగలకుండా పీనుగుని ఆళ్ళే అడవిలో కాల్చేసినారంట. ఆ గొంగళి గుమ్మంలో పడేసి ఎల్లిపోనారు. ఊరోళ్ళు ఆళ్ళకి దణ్ణాలు పెట్టినారు.”

వరహాలరావు వేలు మూడు రోజుల అలవాటు కొద్దీ చిల్లులోకి పోయింది. అక్కడే నిలిచింది. పులి పంజా పడితే గొంగళి పీలికలు కావాలి. ఇది వేలు పట్టేంత గుండ్రం. అంచున ఉన్ని మాడి గట్టిపడి ఉంది. గొంగళి తిప్పి చూశాడు. పీలిక ఒక్కటి లేదు. అంగరఖా జేబులో తడిమి, పొద్దున కాయితాల మీంచి తీసి వేసుకున్న సీసపు ముద్ద బయటికి తీశాడు.

“కనకా, ఇటు తిరుగు. ఇది మీ వల గుండేనా?”

ఆమె తిరిగింది. వాగు దాటి వచ్చి అతని అరచేతిలోంచి ఆ ముద్ద తీసుకుంది. ఆమె తండ్రికి ఒకప్పుడు నాటు తుపాకీ ఉండేది. దొరల మీద లేచిన పితూరీ అణిగాక కొండవాళ్ళ తుపాకులన్నీ సర్కారువాళ్ళు ఊడ్చుకుపోయారు. ఇప్పుడు ఈ లోయలో తుపాకీ ఉన్నది సన్యాసిరావు ఒక్కడికే.

“మాకు వలలెక్కడివి బాబూ?” అంది కనక నెమ్మదిగా. “ఇది తుపాకీ గుండు.”

కనక ఏడుస్తుందనుకున్నాడు. ఆమె ఏడవలేదు.

“ఆ దినం మా మంగులూ సోంబరూ జతగా ఎల్లినారు,” అంది. “ఇద్దరిదీ ఒక్క కాడే గునపం పని. ఈడిని పులి పట్టినాదన్నారు. ఆడిని ఆ మర్నాడే కట్టేసినారు.”

పన్నెండు రోజులుగా ఊరికి అంతుపట్టని సంగతి అది. సోంబరు తప్పేమీ చెయ్యలేదు. చూశాడు, అంతే. చూడకూడదని ఊరంతా కళ్ళు మూసుకున్న చావుని ఒక్కడు కళ్ళారా చూశాడు.

వరహాలరావు గుండు వెనక్కి తీసుకుని, గొంగళి చంకన పెట్టుకుని లేచాడు. పక్కటెముకలు కలుక్కుమన్నాయి. ఊరి వైపు నడుస్తూ వెనక్కి తిరిగి చూస్తే, కనక ముళ్ళకంప దాటి తన ఇంట్లోకి వెళుతోంది.

ఊరి మొగదలలో అతన్ని చూడగానే మళ్ళీ రాళ్ళు లేచాయి. అవి విసిరేలోగా గుర్రాల చప్పుడు వినిపించింది. రెండు కొండ గుర్రాలు. ముందుదాని మీద మేస్త్రీ సన్యాసిరావు, ఖాకీ లాగు, నెత్తిన టోపీ, భుజాన రెండు గొట్టాల తుపాకీ. వెనకదాని మీద అతని కుడిచెయ్యి పైడయ్య. వరహాలరావు వేలు విరిచింది ఈ పైడయ్యే.

పైడయ్య చంకలోంచి ఒక మూట తీసి యర్రయ్య కాళ్ళ ముందు విసిరాడు. అది విచ్చుకుంది. నీలం అంచు గొంగళి, నెత్తురుతో తడిసి ముద్దగా ఉంది.

“ఒరే యర్రయ్యా,” అన్నాడు మేస్త్రీ, గొంతులో ఎక్కడలేని జాలి పోసి. “తెల్లారి కట్టు తెంపుకుని పారిపోయినాడు నీ కొడుకు. అడవిలో పులి పట్టేసినాది. మిగిలిందేదో మావోళ్ళు అక్కడే కాల్చేసినారు. మీరెవులూ రానక్కర్నేదు. బేగి ఇల్లు మూసుకోండి.”

యర్రయ్య ఉన్నచోటనే కూలబడ్డాడు. అతని భార్య కొడుకు గొంగళి మీద పడబోతే నలుగురు ఆడవాళ్ళు పట్టి ఆపారు. జనం ఆ గుడ్డకి దూరం జరిగారు. ఒకడు అప్పుడే ముళ్ళకంప కోసం పరుగెత్తాడు. వరహాలరావుకి ఒళ్ళు మండిపోయింది. ఎంత తేలిక! తుపాకీ పేల్చి, పులి అని ఒక్క మాట అంటే చాలు. శవాన్ని చూడరు, గుడ్డని ముట్టరు, ఇంటిని వాళ్ళే మూసేస్తారు.

“అబద్ధం!” అని అరిచాడు. పన్ను పోయిన నోట్లోంచి మాట ఈలలా వచ్చింది. “మంగులుని పులి పట్టలేదు, వీడే కాల్చాడు! ఇదిగో చిల్లు! ఇదిగో గుండు! మీరు తుపాకీ పట్టినవాళ్ళు, మీకు తెలుసు. సీసం కక్కే పులి ఏ కొండలో ఉందో చెప్పండి!”

మేస్త్రీ గుర్రం దిగాడు. తుపాకీ మడమ తిప్పి వరహాలరావు పొట్టలో పొడిచాడు. వంగినవాణ్ణి దవడ మీద కొట్టాడు. పడినవాడి విరిగిన వేలిని బూటు కింద వేసి నలిపాడు. వరహాలరావు అరుపు ఎదుటి కొండకి తగిలి తిరిగి వచ్చింది. అయినా కుడి గుప్పిట విప్పి గుండుని నేల మీద దొర్లించాడు. అది దొర్లుకుంటూ పోయి యర్రయ్య మోకాలి దగ్గర ఆగింది.

యర్రయ్య దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు, గుండు మీదికి కాదు, కొడుకు గొంగళి మీదికి.

“యర్రయ్యా, ముట్టకు!” అని జనం కేకలు పెట్టారు.

ముట్టాడు. రెండు చేతులా ఒళ్ళోకి లాక్కుని, మడత మడతా విప్పి, అంగుళం అంగుళం తడిమాడు. మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. చిల్లు లేదు. చిరుగు లేదు. ఒక మూల అతని వేళ్ళు ఆగాయి. నెత్తుట్లో అంటుకున్నదాన్ని గోటితో లాగి ఎండకి ఎత్తి పట్టాడు. చిటికెన వేలి గోరంత తెల్లటి కోడి ఈక.

“ఇది కోడి నెత్తురు,” అన్నాడు యర్రయ్య. “నా కొడుకు బతికున్నాడు.”

అతని భార్య ఒక్క గావుకేక పెట్టింది. యర్రయ్య లేచి, నేల మీద పడున్న వరహాలరావు దగ్గరికి వచ్చి, అతని పొట్టకింద నలిగిన అర్జీని లాగి విప్పాడు. గొంగళి మీది తడిలో బొటనవేలు ముంచి కాయితం అడుగున గట్టిగా అదిమాడు. ఇందాక ఆ వేలి తోలు ఊడేలా రుద్దుకున్నవాడే. “కొట్టినాను బాబూ,” అన్నాడు వరహాలరావుతో. “తప్పు సేసినాను.” వరహాలరావు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొప్పికి కాదు.

ఇంకొకడు ముందుకొచ్చాడు. ఇందాకటి ముసలమ్మ వచ్చింది. గొంగళి చుట్టూ చేతులు మూగాయి.

మేస్త్రీ ముఖంలో జాలి పోయింది. దొర బంట్రోతులు నిన్ననే అనంతగిరిలో దిగారు. తుపాకీ పేలితే కొండలన్నీ పలుకుతాయి, వాళ్ళ చెవిన పడుతుంది. దొర వచ్చి వెళ్ళేదాకా సోంబరుని ఉంచి తీరిగ్గా తేల్చుకుందామనుకున్నాడు. ఆ తీరిక ఇక లేదు.

“పైడయ్యా,” అన్నాడు కళ్ళు తిప్పకుండా. “మకాంకి ఎల్లు. ఆ గుంటడికి నిజం పులిని సూపించు. తుపాకీ వద్దు, గునపం సాలు.”

పైడయ్య గుర్రాన్ని తిప్పి డొక్కలో తన్నాడు. యర్రయ్య దాని వెంట రెండంగలు వేశాడు. తుపాకీ గొట్టాలు రెండూ అతని రొమ్ముకి ఆనాయి.

“కదిలినోడిని కాల్సేత్తాను. దొర కాదు, దొర బాబు ఇన్నా సరే! కాయితం ఇలా ఇయ్యి.”

ఊరు ఊరంతా బిగుసుకుపోయింది. పసిపిల్ల ఏడవడం లేదు, రోకలి లేదు, మాట లేదు. నేల మీద బోర్లా పడి ఉన్న వరహాలరావుకి పైడయ్య గుర్రం డెక్కలు ఒక్కొక్కటే స్పష్టంగా వినిపిస్తున్నాయి, దూరమవుతున్నాయి. ఇన్నాళ్ళూ తాను వెతికిన నిశ్శబ్దం ఇదే. భగవంతుడా, ఎవరో ఒకరు అరవండి అని మనసులో మొత్తుకున్నాడు.

అప్పుడు అతని కంటికి మేస్త్రీ వెనక, గుర్రానికి అవతల, మట్టి కొట్టుకున్న రెండు పాదాలు కనిపించాయి. తల కాస్త ఎత్తాడు. కనక. చేతిలో మంగులు గొడ్డలి ఉంది.

పులి పట్టినవాడి పెళ్ళాం కనిపిస్తే ముఖం తిప్పుకోవాలి గనక, నలభై మందిలో ఒక్కరి చూపూ అటు పోలేదు. ఒక్కరి కన్నూ చెదరలేదు. ఎదురుగా ఉన్న ఆ ముఖాలనే చూస్తున్న సన్యాసిరావుకి తన వెనక మనిషి ఉన్నట్టు తెలియలేదు. అతని చూపుడువేలు తుపాకీ మీటని సగం దాకా నొక్కి ఉంది. కనక రెండు చేతులతో గొడ్డలి పైకెత్తింది.